గదే

పొద్దుగాల పది కొట్టంగ
కాజీపేట వంతెన దిగి, రైల్వే గోడ పక్కపొంటి
బండి ఆపి లోపలికి పోత.
సంచిల చేతద్దం, టార్చిలైటు,
నాలుక నొక్కే చెక్కపుల్లలు, తేనె సీస,
రబ్బరు వేసిన బొమ్మల కార్డుల కట్ట.

నీ పనేందని వంటామె అడిగిందొకసారి.
మాట్లాడుడు నేర్పుత అన్న.
"ముసలోళ్లకా? ఎనభై ఏండ్లు మాట్లాడిండ్రు కదమ్మా,
ఇంక చాలదా?"
పప్పు గరిటె గిన్నె అంచుకు కొట్టుకుంట అన్నది.

సాంబలక్ష్మికి మిగిలింది ఒక్కటే మాట.
గదే.
పక్షవాతం ఇల్లంత ఊడ్చుకపోతే
తలుపు మూలకు చిక్కిన తునికాకు ముక్క.
ఆకలైతే గదే. ఆయమ్మ మీద కోపమొస్తే గదే.
దువ్వెన కార్డు చూపిస్త: గదే.
గొడుగు: గదే.
మంచు మీద జారుతున్న టోపీ పిల్లగాణ్ని చూసి
మొకం తిప్పుకొని, ఇగ ఊకోమన్నట్టు,
గదే.

ఆ కార్డులు ఏ దేశంల అచ్చయినయో.
రాత్రి ఇంటికి పోయి నా చేతుల్తో గీసిన:
ఆకు కట్ట, దారపుండ, చాట, కత్తెర.
నాకు బొమ్మలు రావు. చాట పడవలెక్క వచ్చింది.
తెల్లారి కత్తెర ముందర పెడితే
పడిపోయిన కుడిచెయ్యి అట్లనే ఉంది గాని
ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు
ఒకదాని మీదొకటి మెల్లగ చుట్టుకున్నయి,
దినాం వెయ్యి బీడీలు చుట్టిన వేళ్లు.
"గదే" అన్నది.
ఆ ఒక్కసారి అది సరైన జవాబు.

యాకయ్యకు తన పేరు రాదు.
ఎనుమాముల యార్డుల మిర్చి పాట పాడిన గొంతు.
పదకొండు వేలు, అని నేను అందిస్తే చాలు
రెండొందలు, మూడొందలు, మూడొందల యాభై,
బస్తాల మీద నిలబడ్డట్టే లేస్తది.
ఆపుడు నాతోని కాదు.
బిడ్డ పేరేంది తాతా అంటే
పన్నెండు వేలంటడు.
తిట్లు ఒక్కటీ పోలే.
దానికి నేను చదివిన పుస్తకంల ఒక పేరుంది,
వంటామె దగ్గర ఇంకో పేరుంది.

ఆయనకు నీళ్లు పల్చగ ఇయ్యద్దు, ఊపిరితిత్తులల్లకు దిగుతయి.
పొడి కలిపి, జావ చేసి, చెంచతోని పోస్త.
గడ్డం దించు, ఇప్పుడు మింగు.
మింగి నన్ను చూస్తడు,
మంచినీళ్లను గూడ పాడు చేసినవు గద బిడ్డా అన్నట్టు.
ఆ చూపుకు నా దగ్గర కసరత్తు లేదు.

నెలాఖరుకు హన్మకొండ ఆఫీసుకు కాయిదం నింపాలె.
కొత్తగ వచ్చిన మాటలెన్ని?
సాంబలక్ష్మి ఎదురుంగ సున్న పెట్టి,
కొట్టేసి, మళ్ల సున్ననే పెట్టిన.

ఓదెలు నా లిస్టుల లేడు.
గొంతుల గడ్డకు ఆపరేషనై మాట పోయింది,
నేర్పుతనంటే చెయ్యి అడ్డం ఊపిండు.
ఆజంజాహి మిల్లుల ముప్పై ఏండ్లు,
మగ్గాల మోతల ఎవలకు ఎవలు వినపడక
పెదవులు చూసే కొట్లాడుకునేటోళ్లట,
పెదవులు చూసే నవ్వుకునేటోళ్లట.

నిన్న వానకు ఆలస్యంగ పోయిన.
వరండ బల్ల మీద ఇద్దరూ.
ఆయన చప్పుడు లేకుంట ఏందో చెప్తున్నడు,
ఆమె మధ్యమధ్యల గదే, గదే అంటున్నది,
ఒక్కటి గూడ తప్పు చోట పడతలేదు.
బొగ్గు బండి గోడవతల మొదలైంది.
ఏం ముచ్చట పెట్టిండ్రని అడిగిన, నాకే వినపడలే.
ఓదెలు నా మూతి చదివిండు. జవాబిచ్చిండు.
నాకు సమజ్ గాలే.
మళ్ల చెప్పిండు, మెల్లగ,
తన పెదవుల మీద వేలు పెట్టి, ఇటు చూడు అని,
అచ్చం నేను రోజూ చేసినట్టే.
గొ. డు.
నేను గూడ నోరు తెరిచి అతని వెంబడి కదిపిన.
డబ్బాలు పోతనే ఉన్నయి.
సాంబలక్ష్మికి ఓపిక పోయింది.
ఎడమచెయ్యి చాపి బల్ల కిందికి చూపించింది,
మొన్న నేను మర్చిపోయిన నల్ల గొడుగు
గోడకానుకొని ఉంది.

గదే.